కారు తాళంచెవిలోని చిన్న సెల్లు: ఇంటిల్లిపాదికీ తెలియవలసిన సంగతులు

ఈ వ్యాసం రాయడానికి రెండు సంఘటనలు కారణం. మొదటిది నంద్యాలలో ఒక ఫంక్షన్ హాలు ముందర, రాత్రి పదకొండు దాటిన తరువాత జరిగింది. రెండవది మరునాడు కర్నూలులో మా ఇంట్లోనే, పట్టపగలు, కిటికీ గట్టు దగ్గర జరిగింది. మొదటిదానిలో మాకు కలిగింది ఇబ్బంది మాత్రమే. రెండవదానిలో అల్లాహ్ కాపాడాడు. రెండింటికీ మూలం ఒకే వస్తువు. అది కారు తాళంచెవిలో ఉండే, రూపాయి బిళ్లంత సెల్లు.

మేము పిల్లలకు పాఠాలు చెప్పుకొనే మనుషులం. యంత్రాలతో మాకున్న పరిచయం స్వల్పం. ఈ సంఘటనల తరువాత తెలిసినవారిని అడిగి, కారుతో వచ్చిన పుస్తకం చదివి, మా చేతులతో చేసి నేర్చుకున్న విషయాలనే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఈ రోజుల్లో మన ఇళ్లలో ఎవరో ఒకరికి కారు ఉంటున్నది. కారు లేని ఇంట్లో కూడా ఈ రకం సెల్లు ఏదో ఒక వస్తువులో ఉండనే ఉంటుంది. కనుక ఇది అందరికీ సంబంధించిన విషయమే.

ఆ రాత్రి జరిగినది

మా మేనల్లుడి వలీమాకు కుటుంబసమేతంగా నంద్యాల వెళ్లాం. మా పెద్దబ్బాయి నిరుడు కొన్న పాత కారులో ప్రయాణం. అది మీట నొక్కితే స్టార్టయ్యే రకం. భోజనాలు ముగిసి, వీడ్కోళ్లు అయ్యి, బయటకు వచ్చేసరికి కారు తలుపు తెరుచుకోలేదు. రిమోట్ మీట ఎంత నొక్కినా దీపాలు మిణుకుమనలేదు. కోడలి భుజం మీద ఏడాదిన్నర మనుమడు నిద్రపోతున్నాడు. మా శ్రీమతికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. ఇల్లు చూస్తే డెబ్బై కిలోమీటర్ల పైమాటే.

చుట్టూ చేరినవారు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు కారును తోయమన్నారు. ఒకరు అద్దం పగులగొట్టడం తప్ప మార్గం లేదన్నారు. ఫోనులో దొరికిన ఒక మెకానిక్ తాళం మొత్తం మార్చాలనీ, కొన్ని వేలు అవుతుందనీ, అదీ మరునాడేననీ చెప్పాడు. అంతలో పెళ్లికొడుకు తమ్ముడు వచ్చాడు. అతడు ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు.

"మామూ, ఒకసారి ఆ తాళం ఇటివ్వండి" అన్నాడు. రిమోట్ పక్కనున్న చిన్న మీటను జరిపి, దాని కడుపులోనుంచి సన్నటి ఇనుప తాళంచెవి బయటకు లాగాడు. దానితో డ్రైవరు వైపు తలుపు తెరిచాడు. కారు హారను మోగడం మొదలుపెట్టింది. అందరం కంగారుపడ్డాం. అతడు నవ్వుతూ లోపల కూర్చుని, బ్రేకు తొక్కి, రిమోట్‌ను స్టార్టు మీటకు ఆనించి నొక్కాడు. ఇంజను మేలుకొన్నది, హారను ఆగిపోయింది.

"తాళానికి ఏమీ కాలేదు మామూ. లోపల సెల్లు అయిపోయింది, అంతే. రేపు యాభై అరవై రూపాయలు పెట్టి మార్చుకోండి" అన్నాడు.

ఏడాదిగా ఆ తాళంచెవి మా ఇంట్లోనే ఉన్నది. దాని కడుపులో మరో తాళంచెవి ఉన్నదని మాకుగానీ, మా అబ్బాయికిగానీ తెలియదు.

తాళంచెవి లోపల ఏమి జరుగుతుంది?

మీట నొక్కగానే రిమోట్ ఒక రేడియో సంకేతాన్ని పంపుతుంది. మన దేశంలో చాలా కార్లు ఇందుకు 433 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలను వాడతాయి. ఈ సంకేతం పంపడానికి కావలసిన శక్తిని సెల్లు ఇస్తుంది. సంకేతంలోని రహస్య సంఖ్య నొక్కిన ప్రతిసారీ మారుతూ ఉంటుంది. దొంగ ఆ సంకేతాన్ని పట్టి దాచుకున్నా, మళ్లీ అదే సంఖ్యతో తలుపు తెరవలేకుండా ఈ ఏర్పాటు.

ఇది కాక తాళంచెవిలో మరో చిన్న చిప్పు ఉంటుంది. "ఇది ఈ కారు తాళమే" అని ఇంజనుకు సాక్ష్యం చెప్పేది అదే. దానికి సెల్లుతో పని లేదు. కారులోని తీగచుట్ట దగ్గరకు తీసుకువెళితే, ఆ చుట్ట నుంచే కొద్దిపాటి శక్తిని గ్రహించి జవాబిస్తుంది. సెల్లు చచ్చిపోయినా రిమోట్‌ను మీటకు ఆనించగానే ఆ రాత్రి కారు కదలడానికి కారణం ఇదే. తాళంచెవి దూర్చి తిప్పే రకం కార్లలో ఈ అవస్థ కూడా లేదు. సెల్లు అయిపోతే దూరం నుంచి తలుపు తెరుచుకోదు, అంతే. చేతితో తలుపు తెరిచి, తాళం తిప్పితే ఇంజను స్టార్టవుతుంది.

సెల్లు ముందుగా ఇచ్చే సూచనలు

ఈ సెల్లు సాధారణంగా రెండు మూడేళ్లు వస్తుంది. వాడకాన్ని బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి. అయిపోయే ముందు కొన్ని సూచనలు ఇస్తుంది. ఇంతకుముందు వాకిట్లోనుంచి నొక్కితే తెరుచుకున్న తలుపు, ఇప్పుడు పక్కకు వెళ్లి నొక్కితేగానీ తెరుచుకోదు. ఒకసారికి బదులు రెండు మూడుసార్లు నొక్కవలసి వస్తుంది. రిమోట్ మీద చిన్న ఎర్రదీపం ఉన్నట్లయితే అది మందగిస్తుంది. కొన్ని కార్లలో స్టీరింగు ముందున్న పలక మీద తాళంచెవి బొమ్మో, సెల్లు తగ్గిందన్న హెచ్చరికో కనిపిస్తుంది. మా కారు కూడా పదిహేను రోజులుగా రెండుసార్లు నొక్కితేగానీ వినడం లేదు. మేమే పట్టించుకోలేదు.

తప్పు సెల్లుదేనా, మరొకటా అని తేల్చుకోవడానికి సులువైన పరీక్ష రెండవ తాళంచెవి. అది పని చేసి మొదటిది చేయకపోతే లోపం మొదటి రిమోట్‌లో ఉన్నట్లు. రెండూ పని చేయకపోతే కారు పెద్ద బ్యాటరీనే అనుమానించాలి. తలుపు చేతితో తెరిచి చూడండి. లోపలి దీపం వెలగక, హారను కూడా మోగకపోతే రిమోట్ సెల్లు మార్చి ప్రయోజనం లేదు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. టీవీ రిమోట్‌ను ఫోను కెమెరా ముందు నొక్కితే దాని ముక్కున వెలుగు కనబడుతుంది. అదే విధంగా కారు రిమోట్‌ను పరీక్షించవచ్చని కొందరు చెబుతారు. టీవీ రిమోట్ పంపేది కంటికి కనబడని ఒక రకం కాంతి, కెమెరా దానిని పట్టగలదు. కారు రిమోట్ పంపేది రేడియో తరంగం, దానిని ఏ కెమెరా చూడలేదు. కెమెరాలో వెలుగు రాలేదని మంచి రిమోట్‌ను పారేయకండి.

కచ్చితంగా తెలుసుకోవాలంటే మల్టీమీటర్ కావాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. దానిని డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగను సెల్లు ప్లస్ వైపు, నల్ల తీగను రెండో వైపు ఆనించాలి. కొత్త సెల్లు 3 వోల్టులు లేదా కాస్త పైన చూపుతుంది. 2.8 దగ్గరకు దిగిందంటే మార్చుకోవడం మంచిది. అయితే ఈ సెల్లుకు ఒక స్వభావం ఉన్నది. జీవితంలో ఎక్కువ భాగం వోల్టేజీ దాదాపు ఒకే తీరుగా నిలిచి, చివరలో చప్పున పడిపోతుంది. అందుచేత మీటర్ బాగున్నదని చెప్పినా పైన చెప్పిన సూచనలు కనబడుతుంటే మార్చివేయడమే మేలు.

సరైన సెల్లును ఎంచుకోవడం

సెల్లు మీద ఉన్న అక్షరాలను, అంకెలను చదవడం పిల్లలకు కూడా నేర్పవచ్చు. మన కార్లలో ఎక్కువగా కనిపించేది సి.ఆర్. 2032. ఇందులో మొదటి అక్షరం లోపలి లిథియం రసాయనాన్ని, రెండవది గుండ్రని ఆకారాన్ని తెలుపుతాయి. 20 అంటే అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 2025 అంటే మందం 2.5 మిల్లీమీటర్లు, 1620 అంటే అడ్డుకొలత 16, మందం 2 మిల్లీమీటర్లు.

వోల్టేజీ అన్నింటికీ 3 వోల్టులే కనుక ఏదైనా పెట్టవచ్చునని దుకాణదారు అనవచ్చు. అలా చేయకండి. 2032 ఉండవలసిన చోట సన్నని 2025 పెడితే లోపలి రేకుకు సరిగా ఆనదు, ఒకరోజు పని చేసి మరొకరోజు చేయదు. సన్నని సెల్లు చోట మందమైనది దూర్చితే రేకు వంగిపోతుంది. చూడటానికి ఒకేలా ఉండే ఎల్.ఐ.ఆర్. 2032 అనే రకం కూడా ఉన్నది. అది ఛార్జి చేసుకొనే సెల్లు, నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల వరకు ఇస్తుంది. దానిని రిమోట్‌లో పెట్టరాదు. సి.ఆర్. రకాన్ని ఛార్జి చేయడానికి ప్రయత్నించరాదు. పాత సెల్లు మీదనో, కారు పుస్తకంలోనో ఉన్న సంఖ్యనే అడిగి, అట్ట మీద గడువు తేదీ చూసి కొనండి.

మార్చే విధానం

పిల్లలు నిద్రపోయినప్పుడో, బడికి వెళ్లినప్పుడో ఈ పని పెట్టుకోండి. బల్ల మీద తెల్లని గుడ్డ పరచండి, చిన్న స్క్రూ జారిపడినా కనబడుతుంది. చేతులు కడుక్కొని బాగా తుడుచుకోండి.

ముందుగా రిమోట్‌లోని ఇనుప తాళంచెవిని బయటకు లాగండి. చాలా రిమోట్లలో అది ఉండే సందులోనే, లేదా అంచున, మూత తెరవడానికి చిన్న గాడి ఉంటుంది. కొన్నింటికి వెనుక చిన్న స్క్రూ ఉంటుంది. గాడిలో బల్లపరుపు స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి పెట్టి, నెమ్మదిగా తిప్పండి. పెచ్చు ఊడేలా బలం ఉపయోగించకండి. ఒక చోట విడివడిన తరువాత చుట్టూ వేలితో విప్పుకుంటూ రావచ్చు.

మూత తెరవగానే ఏదీ కదపకముందే ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. ప్లస్ గుర్తు పైకి ఉన్నదా, కిందికి ఉన్నదా అన్నది అన్ని రిమోట్లలో ఒకేలా ఉండదు. ఫొటో ఉంటే సందేహం ఉండదు. సెల్లును లేపడానికి ఇనుప మొన వాడవద్దు, పళ్లపుల్ల చాలు. పక్కనున్న పచ్చని పలకను, సన్నని రేకులను తాకకండి. కొత్త సెల్లును అంచులతో పట్టుకొని, అదే దిశలో, చప్పుడయ్యేలా అమర్చండి. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంటే దానిని సరిగా కూర్చోబెట్టండి. వాననీరు లోపలికి పోకుండా కాపాడేది అదే. తరువాత మూతను చుట్టూ నొక్కి, కారు దగ్గరకు వెళ్లి రెండు మీటలూ పరీక్షించండి.

పని చేయకపోతే కంగారుపడవద్దు. ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మివేయాలని కొన్ని కంపెనీలు సెల్లు మీద చేదు పూత పూస్తాయి. కొన్ని పరికరాలలో ఆ పూత విద్యుత్తుకు అడ్డుపడుతుంది. అలాంటప్పుడు స్పిరిట్ అద్దిన గుడ్డతో సెల్లును తుడిచి చూడవచ్చు. సెల్లు మార్చినందువల్ల సాధారణంగా రిమోట్ తన కారును మరచిపోదు. కొన్ని మోడళ్లలో మాత్రం మళ్లీ పరిచయం చేయవలసి ఉంటుంది. ఆ విధానం కారు పుస్తకంలో ఉంటుంది.

మరునాడు జరిగినది

పైన చెప్పిన పనంతా మరునాడు ఉదయం మా అబ్బాయి, మేము కలిసి చేశాం. పావుగంట పట్టింది. కొత్త సెల్లు పెట్టగానే గేటు అవతలినుంచే కారు తలుపు తెరుచుకున్నది. ఆ సంబరంలో పాత సెల్లును మేము మా చేతితోనే కిటికీ గట్టు మీద పెట్టి, జుహర్ నమాజుకు వెళ్లిపోయాం.

తిరిగి వచ్చేసరికి మా శ్రీమతి మనుమడిని ఒడిలో పెట్టుకొని కూర్చుని ఉన్నది. ముఖంలో రక్తం లేదు. పిల్లవాడు మంచం ఎక్కి, గట్టు మీది సెల్లు తీసుకొని, పెదవుల దాకా తీసుకువెళ్లాడట. ఆమె కూరగాయలు తరుగుతూ తల ఎత్తి చూసింది. "ఒక్క క్షణం ఆలస్యమైతే" అని, ఆ మాట పూర్తి చేయలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి మాకు ఆ భయం అర్థం కాలేదు. చార్జి అయిపోయిన సెల్లే కదా, మింగితే మాత్రం ఏమవుతుంది, రూపాయి బిళ్ల మింగిన పిల్లలు బాగుపడలేదా అన్నాం. సాయంత్రం మాకు తెలిసిన పిల్లల డాక్టరుగారిని అడిగాం. ఆయన చెప్పినది విన్న తరువాత ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాం.

మింగితే ఏమవుతుంది?

రూపాయి బిళ్లకూ, ఈ సెల్లుకూ ఉన్న తేడా విద్యుత్తు. 20 మిల్లీమీటర్ల సెల్లు చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోగలదు. అక్కడి తడి తగలగానే సెల్లు రెండు ముఖాల మధ్య విద్యుత్తు ప్రవహిస్తుంది. దానితో మైనస్ ముఖం దగ్గర గాఢమైన క్షారం పుడుతుంది. ఆ క్షారం లోపలి కండరాన్ని కాలుస్తుంది. తీవ్రమైన గాయం కావడానికి రెండు గంటలు చాలు. అన్నవాహికకు రంధ్రం పడవచ్చు, పక్కనున్న పెద్ద రక్తనాళం దాకా గాయం పాకితే ప్రాణమే పోవచ్చు. సెల్లు తీసివేసిన తరువాత కూడా గాయం కొన్నాళ్లు ముదురుతుంది.

కారుకు పనికిరాని సెల్లు చచ్చినది కాదు. రిమోట్‌ను నడపలేని సెల్లులో కూడా పిల్లవాడి గొంతును కాల్చగల శక్తి మిగిలి ఉంటుంది. మేము పొరబడినది ఇక్కడే.

మింగినట్లు ఎవరూ చూడకపోతే గుర్తించడం కష్టం. పిల్లవాడు చొంగ కార్చడం, అన్నం వద్దనడం, దగ్గడం, వాంతి చేసుకోవడం, ఛాతీ పట్టుకొని ఏడవడం వంటి లక్షణాలు కనబడతాయి. జలుబో, గొంతునొప్పో అని పొరబడే అవకాశం ఎక్కువ. కొందరిలో మొదట ఏ లక్షణమూ ఉండదు. అనుమానం కలిగితే చాలు, వెంటనే 108కి ఫోను చేయండి, లేదా ఎక్స్-రే, ఎండోస్కోపీ ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. "బటన్ సెల్లు మింగి ఉండవచ్చు" అని వెళ్లగానే చెప్పండి. దొరికితే అటువంటి సెల్లునో, దాని అట్టనో చూపించండి. ఎక్స్-రేలో ఇది నాణెంలాగే కనబడుతుంది. అయితే అంచు చుట్టూ రెండు వలయాలు ఉండటాన్ని బట్టి వైద్యులు సెల్లును గుర్తిస్తారు.

వాంతి చేయించకండి. అరటిపండు, అన్నం ముద్ద మింగించి కిందికి దింపాలని చూడకండి. ఏడాది నిండిన పిల్లవాడు మింగగల స్థితిలో ఉండి, సెల్లు మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చునని అమెరికాలోని నేషనల్ క్యాపిటల్ పాయిజన్ సెంటర్ సూచిస్తున్నది. ఏడాది నిండని పసివారికి తేనె ఇవ్వరాదు. తేనె సెల్లు చేసే కీడును కాస్త నెమ్మదింపజేస్తుంది, అంతే. అది చికిత్స కాదు. తేనె కోసం వెతుకుతూ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. ముక్కులో, చెవిలో సెల్లు దూర్చుకున్నా ఇది అత్యవసరమే.

ఈ ప్రమాదం ఎంతటిదో చెప్పడానికి ఒక విషయం చాలు. 2022లో ఆస్ట్రేలియా ఈ సెల్లులకూ, ఇవి వాడే వస్తువులకూ తప్పనిసరి భద్రతా ప్రమాణాలను అమలులోకి తెచ్చింది. అదే ఏడాది అమెరికా కూడా ఇందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసింది.

పాత సెల్లును ఏమి చేయాలి?

రిమోట్ నుంచి తీసిన క్షణంలోనే సెల్లు రెండు ముఖాలకూ టేపు అంటించండి. దీనివల్ల ఇతర లోహాలు తగిలి వేడెక్కే ప్రమాదం తగ్గుతుంది. టేపు చుట్టినది కూడా పిల్లలకు అందరాదు, మూత బిగించిన డబ్బాలో పై అరలో ఉంచండి. వంటింటి చెత్తలో వేయకండి, మంటలో వేయకండి. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం బ్యాటరీలు తయారుచేసేవారికి వాటిని తిరిగి సేకరించే బాధ్యత ఉన్నది. డబ్బాలో కొన్ని పోగైన తరువాత, ఈ-వ్యర్థాలు తీసుకొనే కేంద్రంలో ఇవ్వవచ్చు. కొత్త సెల్లులను వాడేవరకు అట్టలోనుంచి విప్పకండి.

ఆ సాయంత్రం మా శ్రీమతి ఇల్లంతా తిరిగి ఇటువంటి సెల్లులున్న వస్తువులను వెదికింది. వంటింటి చిన్న త్రాసు, జ్వరం చూసే థర్మామీటరు, ఫ్యాను రిమోట్, మనుమడి పాట పాడే బొమ్మ, చివరకు మేము వేలికి తొడుక్కొనే డిజిటల్ తస్బీహ్. ఐదు దొరికాయి. బొమ్మకు సెల్లు మూత స్క్రూ లేకుండానే ఊడివస్తున్నది. దానిని బీరువాలో పెట్టేశాం. తస్బీహ్ ఇప్పుడు జానిమాజ్ మీద కాక, గోడకు మేకు కొట్టి ఎత్తున తగిలిస్తున్నాం.

పాఠకులను మేము కోరేది పావుగంట సమయం మాత్రమే. మీ కారు తాళంచెవిని చేతిలోకి తీసుకొని, లోపలి ఇనుప తాళం ఎలా వస్తుందో, డ్రైవరు తలుపు హ్యాండిల్ దగ్గర దాని రంధ్రం ఎక్కడ దాగి ఉన్నదో ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ చూపించండి. సెల్లు ఎప్పుడు మార్చారో తేదీని కారు పుస్తకం వెనుక రాయండి. తాళంచెవిని పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకండి. ఏడ్చే బిడ్డ చేతిలో మనం మొదట పెట్టేది తరచు అదే. ఆ తరువాత కిటికీ గట్లు, సొరుగులు ఒకసారి చూడండి. ఎప్పుడో తీసి పెట్టి మరచిన పాత సెల్లు అక్కడ ఉన్నట్లయితే, ఈ పత్రికను మూసిపెట్టే ముందే లేచి దానిని తీసివేయండి.